ఏడాదికో వారం మన ఇల్లు

ఏడాదిలో ఒకే ఒక్క వారం మనదై, మిగిలిన వారాలన్నీ ముక్కూమొహం తెలియనివాళ్లవయ్యే ఇల్లు కూడా లోకంలో ఉంటుందని మొన్న దసరా వెళ్లేదాకా నాకు తెలియదు. అలాంటిది ఒకటి అమ్మకానికి ఉందని మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు.

"అద్దెకా?" అన్నారు మావారు.

"కాదు నాన్నా, సొంతం."

"సొంతమైతే వారమేంట్రా?"

వాడు ఓపిగ్గా చెప్పాడు. ఎల్లారెడ్డి దాటాక అడవి అంచున 'జంగిల్ రాజ్యం' అని కొత్తగా వినోదాల పార్కు ఒకటి పెట్టారు. అందులో గుడారాలు ఉన్నాయి, ఇప్పుడు కేబిన్లు కూడా వచ్చాయి. ఒక్కో కేబిన్‌ని ఏడాదిలో ఎన్ని వారాలుంటే అన్ని ముక్కలుగా కోసి, ముక్కకొకరికి అమ్ముతారు. ఇరవై అయిదేళ్లపాటు ఏటా ఆ వారం అది మన ఇల్లు. ముందు రెండు రాత్రులు ఊరికే ఉండి చూసుకోవచ్చు. వాళ్లు చెప్పేది కూర్చుని వింటే చాలు. వాడికి సెలవు లేదు. అందుకని మేమూ, మా కోడలి అమ్మానాన్నలూ వెళ్లి చూసి రావాలి. రెండిళ్లవాళ్లం కలిసి ఒక వారం కొంటే ఏటా అందరం ఒకచోట చేరొచ్చని వాడి ఆశ.

వియ్యాలవారితో కలిసి పెళ్లి చెయ్యొచ్చు, పేరంటం చెయ్యొచ్చు. బేరానికి మాత్రం వెళ్లకూడదని ఇప్పుడు అనుభవం మీద చెబుతున్నాను. వాళ్లు కాదంటారేమోనని మనం అవుననలేం, వాళ్లు అవునంటే మనం కాదనలేం. బయల్దేరే ముందే మావారు నాకు గట్టిగా చెప్పారు: "నాకీ వ్యవహారం నచ్చలేదు. కానీ బావగారు ముచ్చటపడితే మాత్రం మనం అడ్డు చెప్పకూడదు." మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా అప్పులు అడిగేవాళ్లకి కాదని చెప్పిన మనిషి వియ్యంకుడికి చెప్పలేకపోవడం చూస్తే నాకు ముచ్చటేసింది.

కామారెడ్డిలో మర్యాదలు

మా వియ్యపురాలు గంగామణి గుమ్మంలోనే నీళ్ల చెంబుతో నిలబడి ఉంది.

"రాండ్రి వదినె, రాండ్రి అన్నా. కాళ్లు గడుక్కోండ్రి. రైలు గింత లేటా? కూర చల్లగైతున్నది."

అప్పటికి పొద్దున్న తొమ్మిది కూడా కాలేదు. ఆ కూర మాంసం కూర. మా వైపు వియ్యాలవారు పొద్దున్నే దిగితే ఇడ్లీ, కాఫీ ఇచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఏం వండాలో అప్పుడు ఆలోచిస్తాం. ఇక్కడ ఆలోచనలన్నీ ముందు రోజే అయిపోతాయి. మాంసం, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, బుట్ట నిండా మక్క గారెలు. మక్కజొన్న గింజలు రుబ్బి, పచ్చిమిర్చీ అల్లమూ వేసి నూనెలో వేయించే ఆ గారెలు మా మినప గారెల కన్నా ఒక మెట్టు పైనే అని తెనాలిలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.

"బిర్రుగ తినుండ్రి," అంది గంగామణి నా పళ్లెంలో నాలుగో గారె వేస్తూ. మా వైపు బిర్రు అంటే బిగుతు, జాకెట్టు గురించి చెప్పే మాట; ఇక్కడ కడుపు నిండా అని. ఆ పూట భోజనమయ్యాక రెండు అర్థాలూ ఒకటే అని తెలిసింది.

గంగామణి భర్త నర్సింలు అన్నయ్య మంచి పొడగరి. ఇరవై ఏళ్లకు పైగా షార్జాలో సెంట్రింగు పని చేసి, మూడేళ్ల కిందట ఇంటికి వచ్చేశారు. ఆయన వచ్చీపోయే మధ్యలో బీడీలు చుట్టి, రెండు బర్రెలను సాకి, కూతురిని ఇంజనీరు చేసింది గంగామణే. మేం దిగిన సంగతి తెలిసి పక్కింటావిడ వచ్చి, "అడవిల బంగ్లా కొంటున్నరట గదా" అంది. నర్సింలు అన్నయ్య వీధంతా చెప్పేశారన్నమాట. మావారు నా వైపు చూశారు. నేను గారె వైపు చూశాను.

వంటింట్లో గంగామణి నాతో మెల్లగా అంది: "మా ఆయనకు గాడ ఏసీ రూము ఉండె వదినె. ఫోన్ల ఎప్పుడు అడిగినా 'ఏసీల పండుకున్న' అంటుండె. గందుకే గీడ ఉక్కపోత ఓర్వడు. రాత్రి సగం సేపు బయట తిరుగుతనే ఉంటడు. గా బంగ్లాల ఏసీ ఉన్నదట. ఒక్క వారమన్నా మంచిగ పండుకుంటడని నేను సరే అన్న."

అంటే ఆవిడకి కూడా పెద్దగా ఇష్టం లేదు! భర్త కోసం ఒప్పుకుంది. నాకు కొంచెం ఆశ కలిగింది.

మక్కల మీదుగా

ఎల్లారెడ్డి దారిలో సగం రోడ్డు బండ్లది, సగం మక్కలది. కోత కోసిన మక్క గింజలు రోడ్డు మీద పసుప్పచ్చగా కిలోమీటర్ల కొద్దీ ఆరబోసి ఉన్నాయి. మాది వరి నేల. ఆరబోతకి మాకు కల్లాలుంటాయి. ఇక్కడ ప్రభుత్వంవారు వేసిన రోడ్డు అందరి కల్లం. మా కిరాయి కారు డ్రైవరు గింజలకు చక్రం తగలకుండా ఎంత భక్తిగా పోనిచ్చాడో, ఎదురుగా వచ్చే లారీకి అంత దగ్గరగా పోనిచ్చాడు.

లింగంపేట దాటాక ఒకచోట దిగి కాళ్లు చాపుకున్నాం. మావారు గింజల మీద అడుగేసి, చక్రాల మీద నిలబడ్డవాడిలా మూడు బారలు జారి, కుప్పకి కాపలా ఉన్న ముసలాయన పక్కన కూర్చున్నట్టుగా ఆగారు. ఆయన ఆశ్చర్యపోలేదు.

"కూసో కూసో. యాడికెల్లి?"

"తెనాలి నుంచండీ."

"గంత దూరంకెల్లి మా మక్కల మీద పడనీకి వచ్చిన్రా?" అని, లేవడానికి చెయ్యి అందించాడు. ఈలోగా కారు కిటికీలోంచి రెండు కోతులు గంగామణి కట్టి తెచ్చిన గారెల మూట పట్టుకుపోయాయి. చెట్టు మీద కూర్చుని మాకు కనిపించేలాగే తిన్నాయి. వాటికి కూడా నచ్చాయి.

కారులో నర్సింలు అన్నయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, గంగామణి కునుకు తీస్తోందని చూసుకుని, నాతో అన్నారు: "ఇరువై ఏండ్లు ఆమె ఒక్కతే ఇల్లు నడిపింది చెల్లె. నేను ఎములాడ రాజన్న గుడికి తప్ప యాడికి తీస్కపోలే. నాకు అడివేంది, ఆటలేంది. ఆమె కోసమే. మీరు కూడ ఖుషిగున్నరని అల్లుడు చెప్పిండు, గందుకే ధైర్యం జేసిన."

నేను "అవునన్నయ్యగారూ, చాలా" అన్నాను. ఇంకేం అనగలను? అంటే ఆయన ఆవిడ కోసం, ఆవిడ ఆయన కోసం, మేం వాళ్లిద్దరి కోసం. కొందామన్న కోరిక నిజంగా ఎవరికుందో వెతకాలంటే హైదరాబాదులో మా అబ్బాయి దాకా వెళ్లాలి.

ఎల్లారెడ్డిలో చాయ్

ఎల్లారెడ్డిలో బస్టాండు దగ్గర చాయ్‌కి ఆగాం. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో హిందీ చెప్పాను. ఇక్కడ ఉర్దూ మాటలు ఎక్కువ కదా, నా విద్య పనికొస్తుందని ముందుకెళ్లి, "కృపయా చార్ ప్యాలే చాయ్ దీజియే" అన్నాను.

చాయ్ పోసే ఆవిడ గరిటె ఆపింది. పక్కనున్న బల్ల మీద కూర్చున్న, మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ నుంచి వచ్చిన పెద్దమనిషిని అడిగింది: "పటేలా, నీకు మరాఠీ వస్తది గదా, ఈమె ఏమంటున్నదో జర చెప్పు."

ఆయన నన్ను కాసేపు పరిశీలించి, "ఇది మరాఠీ గాదు" అని తేల్చాడు.

"నాలుగు చాయ్‌లమ్మా," అన్నాను.

"గట్ల చెప్పరాదుండ్రి!" అని పది రూపాయల చాయ్ నాలుగు గ్లాసుల్లో, పాలు చిక్కగా, అల్లం ఘాటుగా పోసి ఇచ్చింది. పక్కనే బుట్టలో సీతాఫలాలు. అడవిలోంచి ఆ పొద్దునే తెచ్చినవి, కళ్లు విచ్చి ఉన్నాయి. బుట్ట మొత్తం ధర మా ఊళ్లో అరడజనుకి అడిగేదానికన్నా తక్కువ. తిరుగుప్రయాణంలో కొందామనుకున్నాం.

జంగిల్ రాజ్యం

గేటు దగ్గర రెండు తాటిచెట్ల ఎత్తున ఒక రాక్షసబల్లి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. నోట్లో కాకి గూడు పెట్టుకుంది. లోపలికి అడుగు పెట్టగానే ఏనుగు వేషం వేసుకున్న మనిషి తొండం ఊపి సలాం కొట్టాడు. మా చేతులకి ఆసుపత్రిలో పేషెంట్లకి కట్టినట్టు పచ్చ పట్టీలు కట్టారు. గంగామణి తన పట్టీని అటూ ఇటూ తిప్పి, "పొయ్యేటప్పుడు విప్పుతరా, ఇగ గింతేనా?" అని అడిగింది.

మమ్మల్ని చూసుకోవడానికి సుశాంత్ అనే అబ్బాయిని పెట్టారు. మెడకి టై, పెదవికి చిరునవ్వు, రెండూ విప్పడు. "అంకుల్, ఆంటీ" అంటూ మా కేబిన్‌కి తీసుకెళ్లాడు. కేబిన్లకి జంతువుల పేర్లు పెట్టారు. మాది ఎలుగుబంటి.

బయటి నుంచి చూస్తే చెక్క ఇల్లు. ఎదురుగా చిన్న వసారా, దాని ముందు చెరువు, చెరువులో కొంగలు. మావారు కూడా మెత్తబడి "బాగానే ఉందే" అన్నారు. లోపలికి వెళ్తే పొడుగ్గా ఒకే పెట్టె లాంటి గది. తెల్లటి నున్నని గోడలు, పైన ఏసీ, చిన్న కిటికీ, ఒక మూల గట్టు మీద పొయ్యి, మధ్యలో తెర, తెరకవతల పెద్ద మంచం, ఇవతల గోడకి ఆనించి కిందా పైనా రెండు పడకలు రైలు బెర్తుల్లాగా.

"పూర్తిగా విదేశీ టెక్నాలజీ అంకుల్," అన్నాడు సుశాంత్. "మొత్తం ఫ్యాక్టరీలో తయారై, లారీ మీద వచ్చి దిగుతుంది."

నర్సింలు అన్నయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. చేత్తో గోడ మీద రెండుసార్లు తట్టారు. డబడబమంది. కామారెడ్డి నుంచి ఎడతెగకుండా మాట్లాడుతూ వచ్చిన మనిషి మాటని మధ్యలోనే వదిలేశారు. పెద్ద మంచం మాకు వదిలి, తిన్నగా కింది బెర్తు దగ్గరకి వెళ్లి, చెప్పులు గోడ వైపు తోసి, చొక్కా విప్పి మడిచి పరుపు కింద పెట్టి, తువ్వాలని పై బెర్తు అంచుకి దోపి పరదాలా వేలాడదీశారు. చెప్పడానికి ఇంతసేపు పట్టింది గాని, అదంతా కళ్లు మూసుకుని చేసినట్టు క్షణాల్లో అయిపోయింది.

"గదేంది, మనమే ఉన్నం గదా, పరదా ఎందుకు?" అంది గంగామణి.

"ఊకెనే," అన్నారాయన.

మర్నాడు పొద్దున్న గంగామణి సంబరంగా చెప్పింది: "చూసిన్రా వదినె, రాత్రి ఒక్కపారి కూడ లేవలే. మూడేండ్ల సంది గిట్ల పండుకున్నది చూడలే." తెర అవతల మేం కూడా వినే ఉన్నాం, ఆయన గురక ఆ డబ్బాలో తిరిగి తిరిగి మా చెవుల్లోకే వచ్చింది. మావారు నాతో రహస్యంగా, "ఇక కొన్నట్టే. ఇంత బాగా నిద్రపట్టే మనిషిని ఎలా కాదంటాం?" అన్నారు.

ఊగే ఓడ

పొద్దున్నంతా ఆటలు. గంగామణి చీర కుచ్చిళ్లు దోపుకుని, అటూ ఇటూ ఆకాశానికి ఊగే ఓడ ఎక్కింది. తోడుగా మావారు వెళ్లారు, మర్యాద కోసం. ఓడ ఎగిరినకొద్దీ ఆవిడ నవ్వు నాకు కింద వినిపిస్తూనే ఉంది. మావారి గొంతు మాత్రం మొదట్లో ఒకసారి "ఆపండి" అని వినిపించి, తర్వాత వినిపించలేదు. దిగాక ఆయన బల్ల మీద పడుకుని, బ్యాంకు పెన్షను ఎవరికి వస్తుందో నాకు వివరించారు. గంగామణి రెండోసారి ఎక్కింది.

నర్సింలు అన్నయ్య ఏదీ ఎక్కలేదు. చెరువు గట్టున కూర్చుని, వెనక్కి తిరిగి ఆ కేబిన్ల వరస వైపే చూస్తూ ఉండిపోయారు.

వానలో ఏనుగు

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మి జోరున వాన. కరెంటు పోయింది. నలుగురం కేబిన్‌లో కూర్చున్నాం. రేకు మీద కంకర పోస్తున్నట్టు చప్పుడు. అంతలో తలుపు కొట్టారు. తీస్తే గుమ్మంలో ఏనుగు.

"జర సేపు నిలబడనియ్యుండ్రి అమ్మా. నీళ్లు బట్టిందంటే ఈ వేషం మొయ్యరాదు," అంది ఏనుగు.

లోపలికి పిలిచాం. అతను తల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి, చెమటతో మొహం నిగనిగలాడుతోంది. పేరు సాయిలు, ఊరు బీర్కూర్. గంగామణి ఇచ్చిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ గది కలియజూశాడు. కింది బెర్తుకి వేలాడుతున్న పరదా మీద అతని చూపు ఆగింది. ఫక్కున నవ్వాడు.

"అన్నా, ఏ లేబర్ క్యాంపు నీది?"

నర్సింలు అన్నయ్య తల పైకెత్తకుండానే, "షార్జా" అన్నారు.

"నాది మస్కట్. ఆరేండ్లు. మొన్న ఈడ కొల్వుకు వచ్చి గీ డబ్బలను చూసిన్నాడు నాకు నవ్వాగలే అన్నా! గాడికెల్లి తప్పించుకుని వస్తే మనకన్న ముందల ఇవి వచ్చి కూసున్నయి!"

గంగామణి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "గివే డబ్బలా? మీరుండేది గిసొంటి దాంట్లనా?"

"గిసొంటిదేందక్కా, గిదే," అన్నాడు సాయిలు హుషారుగా. "చెరువొక్కటి లేకుండె."

"ఏసీ రూమన్నవు గదా?" అంది ఆవిడ, భర్తతో.

"ఏసీ ఉండె," అన్నారు నర్సింలు అన్నయ్య. "అబద్ధం చెప్పలే."

"ఎంతమంది?"

ఆయన పరదా అంచు సవరించారు. సాయిలుకి తను ఏదో కదిపానని అర్థమై తొండం సర్దుకున్నాడు.

"ఎనమండ్రం," అన్నారు చివరికి.

గంగామణి లేచింది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ గది మధ్యలో నిలబడి కొంగు నడుముకి దోపి, "నీదేది?" అంది.

"కిందిది. తలుపు పక్కపొంటి."

"మీద?"

"మీద నేపాలాయన. పండుకుంటే పాటలు పాడుతుండె. గాయన పాట ఆగినంక మనకు నిద్ర వస్తుండె."

"గీ మూల?"

"కేరళాయన. కొబ్బరినూనె డబ్బ నెత్తికింద పెట్టుకుని పండుకుంటుండె, ఎవలన్న తీస్తరని."

సాయిలు ఇక ఉండబట్టలేక ఏనుగు కాళ్లతోనే లేచి, పొయ్యి ఎక్కడుండేదో, వంతు ఎలా నడిచేదో చూపించడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి ఎలుగుబంటి కేబిన్‌ని మా కళ్ల ముందే క్యాంపుగా మార్చేశారు. మావారిని లేపి పై బెర్తు ఎక్కించి, "నువ్వు నేపాలోనివి బావా" అన్నారు నర్సింలు అన్నయ్య. నన్ను పొయ్యి దగ్గర పప్పు వంతుకి నిలబెట్టారు. శుక్రవారం తెల్లారి స్నానానికి వరస ఎలా ఉండేదో, ఒకాయన సబ్బు నురగతోనే బయటికి ఎలా గెంటబడ్డాడో, సాయిలు ఏనుగు ఒంటితో నటించి చూపిస్తుంటే నవ్వలేక నా పక్కలు పట్టేశాయి. మూడేళ్లుగా వియ్యంకుడిగా తెలిసిన మనిషి షార్జా బతుకు గురించి మాట్లాడటం నేను అప్పుడే చూశాను. గంగామణి మాత్రం నవ్వుతూనే ఒక్కో మూలకీ వెళ్లి, ఒక్కో గోడనీ ముట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్లు ఫోన్లో విన్న ఇంటికి ఆవిడ ఆ రోజు మొదటిసారి చుట్టపుచూపుగా వెళ్లింది.

"మరి ఫోన్ యాడ మాట్లాడుతుంటివి?" అని ఆఖర్న అడిగింది.

ఆయన వెళ్లి కింది బెర్తు మీద కూర్చుని, తువ్వాల పరదా దించారు. లోపల నుంచి గొంతు వినిపించింది: "గీడ."

గంగామణి పరదా ఎత్తి, పక్కన కూర్చుంది. మళ్లీ పరదా పడింది. మావారు పై బెర్తు మీద నుంచి దిగాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయారు. సాయిలు ఏనుగు తల పెట్టేసుకుని, వాన ఇంకా తగ్గకముందే వెళ్లిపోయాడు.

ఏ వారం కావాలి?

మూడో రోజు పొద్దున్న సుశాంత్ మమ్మల్ని చల్లటి హాల్లో కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఒకే కుటుంబం ఒకే వసారాలో ఏటా నవ్వుతూ, ఏటా వయసు పెరుగుతూ ఉంది. ధర చెప్పాడు. మావారు మంచినీళ్లు అడిగారు. ఆ ధర ఇక్కడ రాయను, చదివేవాళ్ల దగ్గర నీళ్లు ఉన్నాయో లేవో.

"ముందు మీ వారం ఎంచుకోండి ఆంటీ," అన్నాడు. పెద్ద క్యాలెండరు పరిచాడు.

తీరా చూస్తే మా రెండిళ్లకీ కలిసొచ్చే వారం ఏడాది మొత్తంలో లేదు. బతుకమ్మకి గంగామణి కదలదు. నాట్లప్పుడు, కోతలప్పుడు వాళ్ల పొలం వదలదు. పెండ్లిళ్ల నెలల్లో బంధువులు వదలరు. ఎండాకాలం నాకు ఆవకాయ, మాగాయ. కార్తీకంలో మావారు పొద్దున్నే చన్నీళ్ల స్నానాలు చేసి, మిగతా నెలంతా జలుబుతో పడుకుంటారు. కొట్టేసుకుంటూ పోగా మే నెల చివర్లో ఒక వారం మిగిలింది.

"అప్పుడు ఈడ ఎండకు కొంగలు కూడ ఉండయి బిడ్డా," అంది గంగామణి.

సుశాంత్ చిరునవ్వు చెదరనివ్వలేదు. "వారం మార్చుకోవచ్చు ఆంటీ. మీకు నచ్చిందా లేదా, అదే ముఖ్యం. అంకుల్, మీరు చెప్పండి."

నర్సింలు అన్నయ్య మావారి వైపు చూశారు. "బావ ఎట్లంటే గట్ల. మాటిచ్చినంక ఎనుకకు పోయేది లేదు."

మావారు గొంతు సవరించుకుని, "బావగారికి నచ్చితే మాకు..." అని మొదలుపెట్టారు. నేను కింద నుంచి కాలు తొక్కాను. ఆయన "మాకు కూడా" అనేశారు. సుశాంత్ పెన్ను మూత తీశాడు.

"ఆగు బిడ్డా," అంది గంగామణి.

అప్పటిదాకా ఆవిడ బల్ల మీద పెట్టిన చిన్న కేబిన్ బొమ్మని చేతిలో పెట్టుకుని తిప్పుతోంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"ఇరువై ఏండ్లు షార్జాల ఆళ్లు పైసలిస్తే ఈయన గిసొంటి డబ్బల పండుకున్నడు. ఇప్పుడు మేం పైసలిచ్చి పండుకోవాల్నా?"

"అమ్మా, ఇది లగ్జరీ..."

"నీది తప్పులేదు. నువ్వు మంచిగనే చెప్పినవ్. ఓడ మస్తుగున్నది, చెరువు మస్తుగున్నది. డబ్బ వద్దు." భర్త వైపు తిరిగింది. "నీకు కావాల్నా? నిజం చెప్పు. నాకోసం గాదు, వదినెవాళ్ల కోసం గాదు."

ఆయన బల్ల మీది కేబిన్ బొమ్మని దూరంగా జరిపారు. "తలుపు తీసి లోపలికి చూసిన్నాడే నా పానం జల్లుమన్నది," అన్నారు. "గని రాత్రి పండుకుంటే మంచిగ నిద్ర వట్టింది. గట్ల నిద్ర వట్టుడే ఇంక భయమనిపించింది."

మావారు అప్పుడు ఒక పని చేశారు. పెన్ను మూత తీసుకుని, సుశాంత్ చేతిలోని పెన్నుకి తనే పెట్టేశారు. "మాకూ వద్దు బాబూ. నేను మొదటి నుంచీ..." అని నా మొహం చూసి ఆగి, "మొదటి నుంచీ ఆలోచిస్తున్నాను" అన్నారు.

సుశాంత్ టై కొంచెం వదులు చేసుకున్నాడు. "ఇప్పటిదాకా వద్దన్నవాళ్లు ధర ఎక్కువన్నారు అంకుల్. ఇలా చెప్పినవాళ్లు లేరు," అన్నాడు. "మా నాన్న కూడా ఖతర్‌లో ఉన్నాడు." గేటు దాకా వచ్చి మా చేతి పట్టీలు తనే కత్తెరతో కత్తిరించాడు.

మళ్లీ కామారెడ్డి

ఎల్లారెడ్డిలో రెండు బుట్టల సీతాఫలాలు కొన్నాం. కారులో నలుగురం గింజలు కిటికీలోంచి ఊస్తూ తిన్నాం. మావారు పెళ్లయ్యాక ఇంత తేలికపడ్డ మొహంతో నాకు ఎప్పుడూ కనిపించలేదు.

సగం దారిలో గంగామణి అంది: "గాడ నువ్వు కట్టిన బిల్డింగులు ఎన్ని అంతస్తులయి?"

"ఒకటా రెండా. ఒకదాంట్ల నలుబై రెండు."

"ఇప్పుడు గా బిల్డింగులల్ల జనముంటున్నరా?"

"ఉండకేం. పెద్ద పెద్దోళ్లుంటరు."

ఆవిడ చేతిలోని పండు తొక్క కిటికీలోంచి విసిరేసింది. "గా బిల్డింగ్ నాకు చూపియ్యి."

"ఏ బిల్డింగు?"

"నలుబై రెండుది. నువ్వు నన్ను ఎములాడ తప్ప యాడికి తీస్కపోలే. గీ బంగ్లాకు వేస్తమన్న పైసలల్ల కొంతయినా టికెట్లకు సరిపోతయి గదా. డబ్బ చూసిన, అయిపోయింది. ఇగ నువ్వు కట్టినయి చూడాలె."

నర్సింలు అన్నయ్య ముందు సీట్లోంచి తిరిగి ఆవిడని అలాగే చూశారు. ఈసారి మావారు ఎవరి మొహమూ చూడకుండానే, "మేం కూడా వస్తాం బావగారూ" అన్నారు. నాకు పాస్‌పోర్టు ఉందో లేదో కూడా అడగలేదు.

మా రైలుకి ఇంకా టైముందని ఆ సాయంత్రమే గంగామణికి పాస్‌పోర్టు ఫోటో తీయిద్దామని బయల్దేరాం. స్టూడియోలో తెల్ల తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫోటోగ్రాఫరు కుర్రాడు కాదు, బాగా చాదస్తపు పెద్దాయన.

"పండ్లు కనవడొద్దమ్మా. నవ్వద్దు. నవ్వితే ఆపీసుల తీసుకోరు."

గంగామణి మొహం బిగించింది. కెమెరా వెనక నర్సింలు అన్నయ్య చేతులు కట్టుకుని, ఎంతో గంభీరంగా నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడగానే ఆవిడకి నవ్వు వచ్చేసింది.

"నవ్వద్దంటున్న గదమ్మా!"

మళ్లీ బిగించింది. మళ్లీ నవ్వింది. పెద్దాయన విసుక్కుని నర్సింలు అన్నయ్యని బయటికి పంపేశాడు. ఆయన గాజు తలుపు అవతల నిలబడి లోపలికి తొంగి చూశారు. ఇక గంగామణి స్టూలు మీద ఆగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. మా రైలు ఆ పూట కూడా ఆలస్యమే కాబట్టి సరిపోయింది గాని, మేం స్టేషనుకి బయల్దేరే వేళకి కూడా ఆ ఫోటో ఇంకా పూర్తి కాలేదు.